కోస్గి బస్సు

కళ్లద్దాలు వదిలించుకుందామని లేజర్ ఆపరేషన్ చేయించుకుని నాలుగో నెల. అక్షరాల చుట్టూ ఇంకా మంచు పట్టినట్టే ఉండేది. “టైం పడుతుంది” అనేవాడు డాక్టర్. ఆ మధ్యాహ్నం మహబూబ్‌నగర్ బస్టాండులో కూర్చుని, ఒకసారి ఈ కన్ను, ఒకసారి ఆ కన్ను మూసి బోర్డులు చదవడానికి తంటాలు పడుతున్నాను.

పక్కన, గొంగడి భుజాన వేసుకున్న ముసలాయన మందు సీసా ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. గొర్రెపిల్లలకు పారుడు రోగం తగిలిందట, పొద్దుగూకక ముందే తాగించాలట. ఇంతలో ఒక బస్సు వచ్చి ఆగింది.

“సారూ, గది కోస్గి బస్సేనా? జర సూడుర్రి.”

చూశాను. బోర్డు మీద తెల్లటి మసక తప్ప ఏమీ లేదు. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు.

“కాదు” అన్నాను.

బస్సు గేటు దాటుతుంటే కండక్టర్ “కోస్గి, కోస్గి” అని అరిచాడు. ముసలాయన నాలుగడుగులు ఉరికి ఆగిపోయాడు. తిరిగొచ్చి నా కళ్ల వైపు చూశాడు గానీ తిట్టలేదు.

“నాకూ మసకనే సారూ. గుర్తుకు చెవికి పెట్టిన కోత తడిమి నా గొర్లను పోల్చుకుంట. కనబడ్తలేదని చెప్పరాదా? ఇద్దరం పోయి అడుగుదుము గదా.”

మళ్లీ బస్సు సాయంత్రానికే.

ఏడాది దాటింది. మసక పోలేదు. డాక్టర్ కూడా టైం మాట ఎత్తడం మానేశాడు. ఇప్పుడు బస్సు వస్తే దగ్గరికి వెళ్లి అడుగుతున్నాను. ఆ గొర్రెపిల్లలు బతికాయో లేదో మాత్రం ఎవరినని అడగను?