నిలబెట్టిన ఫొటో

ఆ స్టూడియోలో ఫొటోలు సరిచేసే పెద్దమనిషిని అందరూ వంకరమెడ అంటారు. జనం కెమెరాల్లో, ఫోన్లలో అడ్డంగా తీసుకొచ్చే ఫొటోలను ఇరవై రెండేళ్ళుగా చూసి చూసి, ఆయన మెడ కుడివైపుకు ఒరిగి అక్కడే స్థిరపడిపోయింది. పాపం భార్య ఇంట్లో టీవీని కూడా ఆ మెడకు తగ్గట్టు ఒరగబెట్టిందని చెప్పుకుంటారు. నేనైతే నమ్ముతాను.

ఆయనది ఒకటే పట్టు. ఏ ఫొటో వచ్చినా ముందు నకలు తీసి, ఆ నకలునే తిప్పుతాడు. అసలు మీద చెయ్యి పడనివ్వడు. ఆ పుణ్యమా అని స్టూడియో కంప్యూటర్లో ప్రతి పెళ్ళికూతురికీ ఇద్దరేసి పెళ్ళికొడుకులు.

ఒక ఉదయం ఒక టీచరమ్మ వచ్చింది. నెల కిందట పోయిన తల్లిది ఉన్నది ఒకే ఒక్క ఫొటో. పచ్చ దుప్పటి పరిచిన మంచం మీద ఆవిడ వెల్లకిలా పడుకుని నవ్వుతుంటే, టీచరమ్మ అన్న స్టూలెక్కి పైనుంచి తీశాడు. దాన్ని గోడకు తగిలించేటట్టు పెద్దది చేయాలి. మనిషి అడ్డంగా కనిపించేసరికి వంకరమెడ చెయ్యి ఊరుకుంటుందా? నకలు తీసింది, పావు చుట్టు తిప్పేసింది.

టీచరమ్మ కుర్చీలోంచి లేచిపోయింది.

"అమ్మ నిలబడిందండీ!"

ఆ తల్లి పదకొండేళ్ళు మంచం దిగలేదు. ఇప్పుడు పచ్చటి గోడ ముందు, పాదాలు నేలకు ఆనకపోయినా, నిటారుగా ఉంది. టీచరమ్మ నవ్వుతూ ఏడ్చేసింది. "ఇదే కావాలి" అంది.

కబురు గుప్పుమంది. మర్నాటికి స్టూడియో ముందు వరస. ఒకావిడ గురకపెడుతున్న భర్త ఫొటో తెచ్చి, "ఈయన్నీ లేపండి బాబూ, నావల్ల కావట్లేదు" అని బతిమాలింది.

మూడో రోజు టీచరమ్మ అన్న ఊడిపడ్డాడు. ఆ పటం గోడకెక్కితే నీ గడప తొక్కనని చెల్లెలికి చెప్పేసి మరీ వచ్చాడు. తల్లి పోయాక ఆమెకు మిగిలింది ఆయనొక్కడే. వెనకాలే ఆమె పరుగున వచ్చింది.

"తల వెనక దిండు పెట్టుకుని ఎవరైనా నిలబడతారా? మా అమ్మను ఏం చేశారయ్యా?" అని అన్న అరిచాడు.

"అసలు భద్రంగా ఉందండి. చూడండి, పడుకునే ఉన్నారు." వంకరమెడ రెండూ పక్కపక్కన పెట్టాడు.

అన్న తెర దగ్గరికి జరిగాడు. రెండింటినీ మార్చి మార్చి చూశాడు.

"రోజూ లేపడానికి చూశానండి. ఒక్కసారీ నిలబెట్టలేకపోయాను. మీరు ఒక్క నొక్కుతో..." పడుకున్న తల్లిని వేలితో చూపించాడు. "ఇంకో నకలు తియ్యండి. నా కళ్ళముందు లేపండి."

వంకరమెడ నకలు తీసి, తిప్పే బొమ్మ మీదికి మౌస్ బాణం తెచ్చాడు.

"ఆగండాగండి! అంత గభాల్న లేపితే ఆవిడకు కళ్ళు తిరుగుతాయి" అని అన్న అడ్డుపడ్డాడు.

వంకరమెడ ఆ బొమ్మను వదిలేసి, ఒక్కొక్క డిగ్రీగా జరిపే మీటను పట్టుకున్నాడు. అన్న వంగి రెండు చేతులూ తెర కిందికి చాపాడు. చెల్లెలు చప్పున అటువైపుకు వెళ్ళి తనూ చేతులు చాపింది.

"మెల్లిగా" అన్నాడు అన్న. "భుజం నేను పట్టుకున్నాను. నువ్వు నడుం పట్టుకో."