గుడ్డముక్క పారెయ్యని సుప్రజ

డోన్ స్టేషన్ రోడ్డులో సుప్రజ జాకెట్లు కుడుతుంది. మిషన్ కింద ఆమెకో అట్టపెట్టె. అందులో గుడ్డముక్కలు, వాన మొహం చూడని ఊళ్లో ఎవరో మడిచి దాచుకున్న ఇంద్రధనుస్సులా. వేలెడు పీలికనైనా పారెయ్యదు. అయినా, బట్ట తక్కువ తెచ్చి పొడుగు చేతులు అడిగే ఆడవాళ్ళతో రోజూ తగువే.

"చాలదక్కా. గుడ్డను నేను పుట్టిస్తానా?"

"ఎట్లనన్నా అడ్జస్టు చెయ్యి పాపా."

మగపిల్లాడని పేరుపెట్టిన ఒంట్లో పుట్టింది సుప్రజ. ఇరవయ్యేళ్లప్పుడు స్నేహితురాళ్ల వెంట ఓ చిన్న ఆసుపత్రికి పోయి, మగగుర్తు మొత్తం తీయించుకుంది. వచ్చేటప్పుడు బస్సులో నొప్పి మరిచి పాటలు పాడింది. ఇన్నేళ్లకు మిగతా సగం కోరిక లేచింది. యోని కట్టించుకోవాలని కర్నూలులో డాక్టర్ లక్ష్మీప్రియ దగ్గరికొచ్చింది, తల్లి ఉరుకుందమ్మను వెంటబెట్టుకుని.

డాక్టర్ పరీక్ష చేసి చెప్పింది. "మామూలుగా అక్కడి చర్మాన్నే లోపలికి మలుస్తాం. నీకు అప్పుడే అంతా తీసేశారు. చర్మం చాలదు."

"దాన్ని యాడ పెట్టినారంట?" ఉరుకుందమ్మ గుడి ముందు చెప్పులు పోయినట్టు అడిగింది.

"పారేసింటారు మా," అంది సుప్రజ. "ఎట్లనన్నా అడ్జస్టు చెయ్యండి మేడం." అనేశాక నాలుక కరుచుకుంది.

"తొడ చర్మం వేయొచ్చు. కానీ అది ముడుచుకుంటుంది. పేగుముక్క వాడొచ్చు, పెద్ద ఆపరేషన్."

ఉరుకుందమ్మ మోచెయ్యి బల్ల మీద పెట్టింది. కూతురు ఎక్కడ కట్టుకుంటుందోనని ఒకప్పుడు చీరలన్నీ పెట్టెలో పెట్టి తాళమేసిన చెయ్యి అది. "నా తోలు తీసుకోండి డాక్టరమ్మా. చేన్లో ఎండకు కాగిన సరుకు. శానా గట్టిగా ఉండాది."

"ఇంకొకరి చర్మం అతకదమ్మా."

"ఇంకొకరా! తొమ్మిదినెల్లు నా లోపలే ఉండె గదమ్మా!"

డాక్టర్ నవ్వాపుకుని సుప్రజవైపు తిరిగింది. "కడుపుకు ఎప్పుడైనా ఆపరేషన్ అయిందా?"

"లేదు మేడం."

"అయితే ఇంకో దారుంది. కడుపు లోపల పల్చని పొర ఉంటుంది. నున్నగా, తడిగా. దాన్ని కిందికి దించి వాడొచ్చు."

"జాకెట్ లోపలేసే అస్తరు మాదిరా?"

"అచ్చం అట్లే. కానీ తర్వాత రోజూ డైలేటర్, అంటే దారి తెరిచి ఉంచే నున్నటి కడ్డీ, పెట్టుకోవాలి. మానేస్తే మూసుకుపోతుంది."

"పెట్టుకుంటా మేడం." సుప్రజ కళ్లు తుంగభద్రలో నీళ్లొచ్చిన రోజులా మెరిశాయి. ఉరుకుందమ్మ మాత్రం చెయ్యి వెనక్కి తీసుకుని అలిగింది.

బస్సు కర్నూలు దాటింది. ఉరుకుందమ్మ ఉన్నట్టుండి అడిగింది.

"ఆ పొర నీ కడుపులో ఎవరు పెట్టినారే?"

"నువ్వే మా."

"మరి?" ఉరుకుందమ్మ సర్దుకుని కూచుని, పక్కసీటు ఆమె భుజం తట్టింది. "మా కూతురికి ఆపరేషనమ్మా. గుడ్డ మాదే ఇస్తాండాం."