అల్లుడి ఇటలీ పాటకు వన్స్ మోర్

మా అల్లుడు ఆఫీసులో మాట్లాడతాడేమో గానీ, ఇంట్లో నాలుగు మాటలు కలిపి మాట్లాడగా నేనెరగను. అలాంటి మనిషి నలభై దాటాక ఇటలీ పాటలు మొదలుపెట్టాడు. అమెరికాలో ఈ క్యారీ ఊళ్ళో మా వీధి ఎంత నిశ్శబ్దమంటే పక్కింటి కుక్క ఆవలించినా వినబడుతుంది. ఆ వీధిలోకి పొద్దున్నే మా బాత్రూమ్ కిటికీలోంచి ఆ కేక. వేణ్ణీళ్ళు ధారగా పోతూనే ఉండేవి, పాట మాత్రం ముందుకు పోయేది కాదు.

మా తెనాలి వైపు అత్త అల్లుడికి ఎదురుగా సలహా చెప్పదు. నేను గోడకు చెప్పేదాన్ని. "ఈ ఇంట్లో కుళాయి కట్టేసి పాడుకునే పద్ధతి లేదు కాబోలు" అని గోడతో అంటే, తలుపు వెనక కుళాయి ఆగేది. పాట ఆగేది కాదు.

ఆయన గురువు టీవీలో ఉన్నాడు. చాలా పేరున్న గాయకుడట. అలాంటి పై స్థాయి మగ గొంతును టెనర్ అంటారని మా మనవరాలు చెప్పింది. పెద్ద పొట్ట, నల్ల కోటు. ఆయన ఊపిరి పీల్చినప్పుడల్లా ఆ కోటు గుండీ మీద నాకు జాలి కలిగేది. నేను ఎదురుగా కూర్చుని కందిపప్పు ఏరుకునేదాన్ని. అమెరికా కందిపప్పులో రాళ్ళుండవు, అయినా ఏరతాను.

ఆ గాయకుడు స్వరం పైకెత్తి అక్కడే నిలబెట్టేస్తాడు. అది నాకు కొత్తేం కాదు. మూడో తరగతితో నా చదువు ఆగింది గానీ, తెనాలి పక్క నాటకాలు చూడని ఏడు లేదు. చర్చికి పోయేవాళ్ళమైనా చాప పట్టుకెళ్ళి ముందు వరసలో కూర్చునేవాళ్ళం. పద్యం చివర కృష్ణుడు తీసే రాగం లాంటిదే ఇదీను. రాగం కుదిరితే జనం వన్స్ మోర్ అనేవారు. చచ్చి పడిపోయిన వేషం కూడా లేచి, దుమ్ము దులుపుకుని, మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చేది. ఒక టిక్కెట్టుకు రెండు చావులు. పెట్టిన డబ్బుకు న్యాయం జరిగేది.

ఈ దేశంలో ఇటలీ పాటకున్న గిరాకీ మటుకు నాకు అంతుపట్టలేదు. పిజ్జా కొట్టులో అదే. టమాటా సాస్ ప్రకటనలో అదే. పళ్ళ డాక్టరు ఆఫీసుకు ఫోన్ చేస్తే, మనిషి పలికేదాకా వినిపించేదీ అదే. అర్థం ఎవరికీ తెలియదు, అందరూ గుండె మీద చెయ్యి వేసుకుంటారు. పళ్ళ డాక్టరు ఫోనుకు మాత్రం నేను వేసుకోలేదు.

ఈ ఊళ్ళో జీతం లేకుండా సరదాకు పాడుకునేవాళ్ళ బృందం ఒకటుంది. అందులో చేరాలంటే ఒక పాట ఒంటరిగా, పూర్తిగా పాడి చూపించాలి. ఆ శనివారానికి మా అల్లుడు పేరిచ్చేశాడు. చిక్కల్లా ఒకటే. పాట చివర బాగా ఎత్తు స్వరం ఒకటుంది. సరిగ్గా అక్కడికొచ్చి దగ్గేవాడు. ఇంట్లో ఎవరి చేతిలో పని వాళ్ళు ఆపి ఆ దగ్గు కోసం చెవి ఒగ్గేవాళ్ళం.

"అమ్మమ్మా, నాన్న హై నోట్ ఎవ్రీ టైమ్ స్కిప్ చేస్తున్నారు" అంది మనవరాలు.

"గొంతు పట్టేసిందే. నువ్వూరుకో" అంది మా అమ్మాయి.

"శుక్రవారం మనింట్లో ప్రార్థన కూడిక ఉందిగా, అక్కడ పాడమను. నలుగురి ముందు దగ్గలేడు" అన్నాను నేను, గోడ వైపు తిరిగి.

శుక్రవారం వచ్చింది. మా తెలుగు చర్చివాళ్ళతో హాలు నిండిపోయింది. కీర్తనలు అయ్యాయి, వాక్యం అయింది, పాస్టరయ్యగారు ప్రార్థన ముగించి ఆమెన్ అన్నారు. అప్పుడు మా అమ్మాయి లేచి, "మా ఆయన స్పెషల్ సాంగ్ పాడతారండి" అంది.

"సంతోషం. ఏ భాష బాబూ?" అన్నారు అయ్యగారు.

"ఇటాలియన్ అండి."

"భావం?"

అల్లుడు నేల చూశాడు. మనవరాలు అందుకుంది. "అంకుల్, ఒక గై గర్ల్ కోసం నైట్ అంతా వెయిట్ చేస్తాడు."

ఇక లాభం లేదని నేనే అన్నాను. "అయ్యగారూ, ఆమెన్ అయిపోయిందిగా. ఆమెన్ తర్వాత పాడేది భోజనం పద్దులోకి వస్తుంది."

అయ్యగారు బిర్యానీ గిన్నె వైపు ఒకసారి చూశారు. "అలాగే కానివ్వండమ్మా" అన్నారు.

అల్లుడు బాగానే ఎత్తుకున్నాడు. ఆ చోటికి వచ్చాడు. దగ్గాడు. మావాళ్ళు మంచివాళ్ళు, దగ్గుకు కూడా చప్పట్లు కొట్టి ప్లేట్ల వైపు నడిచారు. అల్లుడు సగం కూర్చున్నాడు. నేను గిన్నె దగ్గర నిలబడి, మూత మీద చెయ్యి వేసి, "వన్స్ మోర్" అన్నాను.

నాకు నచ్చిందనుకున్నారు అందరూ. మా అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. గుంటూరు పెద్దాయన ఒకరు, "ఎన్నాళ్ళయిందండీ ఆ మాట విని" అని తానూ వన్స్ మోర్ అన్నారు. పెళ్ళయినప్పటి నుంచీ నా నోట మెప్పు వినని అల్లుడు చేతులు జోడించి మళ్ళీ పాడాడు. మళ్ళీ దగ్గాడు.

"వన్స్ మోర్."

ఈసారి పెద్దాయన కూడా తన ఖాళీ ప్లేటు వైపు చూసుకున్నారు.

"అమ్మా, పిల్లలు ఆకలితో ఉన్నారు" అన్నారు అయ్యగారు.

"వడ్డిస్తానండి. పాట పూర్తి కానివ్వండి."

అప్పటికి హాలంతటికీ సంగతి తెలిసింది. ప్లేట్లు పట్టుకుని అందరూ అల్లుడి వైపు తిరిగారు. భీమవరం ఆవిడ బతిమాలింది. "నీకు పుణ్యం ఉంటుంది, ఆ చివరిదేదో అనేసెయ్ నాయనా. రైతా నీరైపోతోంది."

అల్లుడు నా ముఖంలోకి చూశాడు. "అది రాదండి అత్తయ్యగారూ."

గోడ దూరంగా ఉంది, నేరుగానే చెప్పాల్సి వచ్చింది. "రాకపోతే చల్లారిందే తింటాం బాబూ. నాకేం తొందర లేదు."

మూడోసారి పాడాడు. కోపంగా పాడాడు. ఆ చోటికి వచ్చాడు, దగ్గలేదు. స్వరం ముందు కంచెలో ఇరుక్కున్న మేకలా అరిచింది, తర్వాత నిలదొక్కుకుంది. నా చేతి కింద గిన్నె మూత సన్నగా అదరడం తెలిసింది. ఇంత కష్టపడి ఎక్కినవాడు ఊరికే దిగుతాడా, దిగలేదు. చివరికి అయ్యగారే "ఆమెన్" అని గట్టిగా అంటే ఆపాడు. నేను మూత తీశాను.

శనివారం వెళ్ళి పాడాడు. తీసుకున్నారు. వెనక వరసలో నిలబెట్టి, కాస్త మెల్లగా పాడమన్నారట. మంగళవారాలు ప్రాక్టీసు, భోజనం పెట్టరు. పెరుగన్నం కట్టిస్తే గొంతుకు మంచిది కాదంటాడు. వెనక వరస గొంతును పెరుగు ఏం చేస్తుంది? డబ్బా చేతికిచ్చి పంపుతున్నాను. ఖాళీ చేసే తెస్తున్నాడు.