చేంతాడుకు కట్టిన పలుపు

మా మెట్ట చేలో నేపియర్ గడ్డి నాటినప్పుడు నా అంత తెలివైనవాడు రామతీర్థం చుట్టుపక్కల లేడనుకున్నాను. అంతకుముందు అక్కడ వానకు చోళ్లు, అదే రాగులు, తర్వాత మంచుకు ఉలవలు పండేవి. నాలుగు గేదెలు కొన్నాక ఆ పంటలు నా కంటికి ఆనలేదు. బోరు వేయించి ఎకరం నిండా గడ్డి ముక్కలు పాతించాను. నెలన్నరకోసారి మనిషెత్తు గడ్డి కోస్తుంటే గర్వంగా ఉండేది.

వ్యవసాయానికి కరెంటు ఉచితం. మోటారుకు ఆటో స్టార్టరు పెట్టించాను. కరెంటు రాగానే దానంతటదే తిరుగుతుంది, పోగానే ఆగుతుంది. గడ్డికి తడి కావాలా వద్దా అని నేను ఒక్కసారి కూడా మట్టి తవ్వి చూడలేదు. ఖర్చు లేనప్పుడు చూసుకోవడమెందుకు? దుబ్బుల మధ్య నీళ్లు నిలబడి కప్పలు అరుస్తున్నా ఆపలేదు.

పక్క చేను నాకు వరసకు అత్త అయ్యే ఆవిడది. మొగుడు పోయాక ఒక ఆవునూ ఒక నూతినీ నమ్ముకుని బతుకుతోంది. చేదతో నీళ్లు తోడి ఆవుకు తాపేది, మిగిలినవాటితో నాలుగు మళ్లలో వంకాయ, బెండ పెంచేది. నేను గడ్డి వేసిన రెండో ఏడాది వేసవికి ఆ నుయ్యి అడుగంటింది.

"ఏటిరా ఇది? నాను కాపరానికొచ్చిన కాన్నుంచీ ఈ నుయ్యి ఇలాగ ఎప్పుడూ సూడ్లేదు" అంది.

"వానల్లేవు కదత్తా" అన్నాను.

అది అబద్ధమని అప్పటికి పూర్తిగా తెలియదు. అనుమానం మాత్రం ఉంది. దాన్ని కదపడం ఇష్టం లేక రోజూ ఒక మోపు గడ్డి ఆమె గట్టు మీద వేయించేవాణ్ణి. ఆమె దీవించేది. "గడ్డి నువ్విస్తన్నావు, సరే. నీలు ఎక్కణ్నుంచి తెమ్మంటావు?" అని చివరికి ఆవును సంతకు తోలేసింది.

మా వైపు పశువును అమ్మితే పలుపు ఇవ్వరు. తాడు పోతే ఇంట్లో పాడి పోతుందని నమ్మకం. కొన్నవాడే తన తాడు తెచ్చుకుని కట్టుకోవాలి. అత్త కూడా ఆవును అప్పజెప్పి పలుపు వెనక్కి తెచ్చుకుంది. మర్నాడు చూద్దును కదా, దాన్ని చేంతాడు కొసకు ముడేసి చేదను నూతిలోకి వదులుతోంది. ఉన్న చేంతాడు నీళ్లదాకా అందడం లేదు మరి. ఆ ముడి చూడలేక మొహం తిప్పుకుని వెళ్లిపోయాను.

ఆ నెలలోనే నా మోటారు కాలిపోయింది. బాగు చేయించి తెచ్చేసరికి పన్నెండు రోజులు పట్టింది. మాడిపోయే ఎండలు, ఒక్క చినుకు లేదు. మోటారు బిగించే ముందు అత్త నూతిలోకి తొంగి చూశాను. రెండు మూరల నీళ్లు ఊరి ఉన్నాయి. నా బోరు ఆగితేనే ఆ నుయ్యి ఊరింది. ఆ ఆవును అమ్మించింది నేనే. పైగా పన్నెండు రోజులు తడి లేకపోయినా నా గడ్డి చావలేదు. అంటే అన్నాళ్లూ పోసిన నీళ్లలో సగం దానికి అక్కర్లేనివే.

ఆటో స్టార్టరు పీకేయించాను. ముప్పాతిక భాగం గడ్డి తవ్వించేసి తొలకరికి జొన్న, బొబ్బర్లు కలిపి జల్లాను. వానతోనే పెరిగాయి. చొప్ప ఆరబెట్టి సన్నగా నరికి పెడితే గేదెలు ఎండాకాలమంతా తిన్నాయి. పాలు కొంచెం తగ్గాయి. "మతి పోయిందేటి నీకు?" అని మా ఆవిడ తిట్టింది. ఆమెకు కూడా కారణం చెప్పలేదు.

మొన్న వేసవిలో అత్త చేంతాడు నుంచి పలుపు విప్పేసింది.

"నీలు పైకొచ్చినాయిరా! దేవుడు సల్లగా సూసినాడు" అంది. వానలు అంతకుముందు కంటే ఎక్కువేం పడలేదు. "నీకు బోరున్నాది, నీకే తెలస్తాది. ఇంకో ఆవును కొనమంటావేటి? మల్లీ ఎండిపోదు గదా?"

అప్పుడైనా చెప్పాల్సింది. "ఎండదత్తా" అని మాత్రం అని, మర్నాడు మా గేదె పెయ్యదూడను తోలుకెళ్లి ఆమె పాకలో విడిచాను. తాడు నేనూ ఇవ్వలేదు. ఆమె ఆ పలుపే కట్టింది. ముడి పడిన చోట దానికి ఇంకా వంకర పోలేదు.

ఇప్పుడు పాల కేంద్రం దగ్గర, రేషను వరసలో, ఎవరు కనబడితే వాళ్లకు చెబుతోంది: "కన్న కొడుకైనా అలాగ సూడ్డు. ఊరకనే ఇచ్చీసినాడు." విన్నవాళ్లు నా వైపు తిరిగి చూస్తారు. నేను తల దించుకుంటాను. అది వినయమనుకుంటున్నారు.