తల్లిగారింట్ల తగ్గే తలనొప్పి

ఆ రోజు ఒక చొక్కా చేతిల వట్టుకొని, ఎటు దిక్కు నుంచి మడత పెట్టాల్నో తెల్వక నిలవడ్డ. పెండ్లయినప్పటి సంది నాచారంల ఇస్త్రీ జేస్తున్న, కండ్లు మూసుకొని జేసే పని అది. తల దిమ్మెక్కింది, కడుపుల తిప్పింది. వానలు వడుతున్నయి గదా, జలుబేమో అనుకున్న.

మాది ఒక్కటే అర్ర, వండుడు, పండుడు అన్నీ ఆ గదిలనే. మా ఆయన ఫ్యాక్టరీల లోడింగ్ పనికి పోతడు. ఎండకాలం మా ఇస్త్రీ బండి రోడ్డు పక్కనుంటది. వానలు మొదలైనంక టేబులు, బొగ్గులేసే ఇస్త్రీ పెట్టె ఇంట్లకు తెచ్చుకున్నం. ఈ ఏడు జల్లు ఎక్కువుండి, గిరాకీలోళ్ల బట్టలు తడుస్తయని కిటికీకి కవరు కట్టినం, తలుపు దగ్గరేసినం. అత్తమ్మ బయట సజ్జ కింద కూసొని మూటలిప్పుతది. లోపల నేను.

ఇగ రోజూ తలనొప్పే. మాట నడుమల ఏం చెప్తున్ననో మర్చిపోయేదాన్ని. ఉప్పల్‌ల డాక్టర్‌కు సూపిస్తే బీపీ నార్మల్, షుగర్ నార్మల్, సీటీ స్కాన్ గూడ నార్మల్. "స్ట్రెస్ లాగుంది, రెస్ట్ తీసుకోమ్మా" అన్నడు. ఘట్‌కేసర్‌ల తల్లిగారింటికి పోయిన. తెల్లారేసరికి తల తేలికయింది. తిరిగొచ్చి పనిల వడ్డనో లేదో మల్ల అదే. ఇంకోసారి పోయిన, మల్ల తగ్గింది.

అత్తమ్మకు ఒళ్లు మండింది. "తల్లిగారింట్ల తగ్గుతది, మా ఇంట్ల లేస్తది. ఇదేం రోగమే? నాటకాలు గాకపోతే."

"కొన్నాళ్లు ఆడ్నే ఉండు" అన్నడు మా ఆయన, నా మొకం దిక్కు సూడకుండ.

నాకు ఆమె మీద కోపం రావాలె. రాలే. నా మీద నాకే అనుమానమొచ్చింది. నిజంగనే నాటకమాడుతున్ననా? ఆడేటోళ్లకు తెల్వకుండ ఉంటదా? ఏం సమజ్ గాలే. మల్ల పిలుస్తరో లేదో తెల్వకనే సంచి సర్దుకున్న.

నేను పోయినంక గిరాకీ పోవద్దని అత్తమ్మ పెట్టె పట్టింది. కొన్ని రోజులకే పక్కింటామె ఫోన్ చేసింది, అత్తమ్మ వాంతి చేసుకొని పడిపోయిందని. ఉరికిన. దవాఖానల డాక్టరమ్మ ఆమెకు ఆక్సిజన్ పెట్టి అడిగింది.

"ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లా అయిందా?"

"నాకైతది మేడం. ఆ ఇంట్ల ఉంటేనే."

"లోపల ఏమైనా కాలుస్తారా?"

బొగ్గులని చెప్పిన. రక్తం తీసి టెస్టుకు పంపింది. రిపోర్టు సూసి, "కార్బన్ మోనాక్సైడ్" అన్నది. "కాలే బొగ్గుల నుంచి వచ్చే విషవాయువు. రంగు లేదు, వాసన లేదు. తలుపులు మూస్తే ఇంట్లోనే ఉండిపోతుంది."

కొంచెం తేరుకున్నంక అత్తమ్మ మాస్కు పక్కకు జరిపింది. "నాది గూడ నాటకమేనా పిల్లా?" అన్నది. నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. రెండూ వచ్చినయి. మాస్కు మల్ల సక్కగ పెట్టిన.

ఇప్పుడు బయట రేకుల కింద ఇస్త్రీ జేస్తున్నం. వాన గట్టిగ కొడితే పెట్టె ముట్టియ్యం. నాకు అప్పుడప్పుడు మాటలు ఇంకా తప్పుతయి, మెల్లగ సర్దుకుంటదన్నరు. బయటికి పోతే తగ్గి, ఇంట్లకొస్తే లేసే తలనొప్పి మీకుంటే, ఇంట్ల ఏం కాలుస్తరో డాక్టర్ అడగకముందే మీరే చెప్పున్రి. మా అత్తమ్మయితే ఇప్పుడు నేను తల పట్టుకుంటే ఏమీ అనదు. లేసి ముందు కిటికీ తెరుస్తది.