మార్కండేయ మాటలు నేర్చుకున్నాడు

సోమందేపల్లెలో నేతగాళ్ల వీధికి పోయి మార్కండేయ ఇల్లు ఎక్కడని అడిగితే "ఆ మూగోనిదా?" అంటారు. అతను మూగవాడేం కాదు. ఒక్క మాటతో పోయేచోట రెండో మాట వాడడు, అంతే. పెళ్లిచూపులకు వెళ్లినప్పుడు హేమావతి తండ్రి అతని తల్లి నాగలక్ష్మమ్మను పక్కకు పిలిచి, "అబ్బాయికి నోరుండాదా?" అని అడిగాడట. ఆ సంగతి చెప్పి ఆమె ఇప్పటికీ పొట్ట పట్టుకుని నవ్వుతుంది.

మీసాలు మొలవకముందే అతను మగ్గం గుంతలోకి దిగాడు. కాళ్లు గుంతలో, చేతులు పట్టు దారాల మీద. మగ్గం ఆడుతున్నంతసేపూ పక్కనున్న మనిషి గొంతు చించుకున్నా వినపడదు. అందుకే మగ్గమున్న ఇళ్లల్లో చేతులే మాట్లాడతాయి. బొటనవేలు నోటికి చూపిస్తే నీళ్లు. ఐదు వేళ్లూ కూడదీసి చూపిస్తే ఆకలి. చెక్క మీద రెండుసార్లు తడితే ఇటు రా అని. అరచెయ్యి ఆడిస్తే ఆగమని. వీటిని ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. ఆ ఇంట్లో పుడితే వచ్చేస్తాయి.

ఒక్క మగ్గంతో ఇల్లు నడిచే రోజులు పోయాయి. అతను నేసే పట్టుచీరలు కట్టుకుని ఫొటోలు దిగేవాళ్లకు ఈ సంగతి తెలియదు, తెలుసుకోవలసిన పనీ లేదు. హేమావతి బట్టల కంపెనీలో చేరింది. తెల్లవారకముందే హైవే మీద కంపెనీ బస్సెక్కి, రోజంతా ఎవరో తొడుక్కునే చొక్కాలకు కాలర్లు కుట్టి, దీపాలు పెట్టే వేళకు దిగుతుంది. అప్పటికి కూతురు లహరి ఇంకా పాకుతోంది. నాగలక్ష్మమ్మ మోకాళ్లు పిల్ల వెనక పరుగెత్తేవి కావు. కూర్చుని కండెలకు దారం చుట్టగలదు, అంతే. బిడ్డ పని మార్కండేయ మీద పడింది.

పొద్దున్నే నీళ్లు పోసి, జడ అనిపించుకోని ఒక పిలక వేసి, సంగటి గెలికి, తినిపించి, అప్పుడు గుంతలోకి దిగేవాడు. పిల్ల వచ్చి గుంతలో పడకుండా నడుముకు మెత్తటి తువ్వాలు కట్టి, కొస తీసి స్తంభానికి ముడేసేవాడు. వీధిలో కుర్రవాళ్లు ఆగి ఎకసెక్కాలాడేవాళ్లు.

"ఏమప్పా, పెండ్లాం కంపెనీకి, నువ్వు గోచీలుతికేకా?"

మార్కండేయ బదులు చెప్పేవాడు కాదు. ఉతికిన గోచీ విదిలించి తీగ మీద వేసేవాడు.

లహరి నడకకంటే ముందే చేతి మాటలు నేర్చింది. బుడ్డ బొటనవేలు నోటికి పెట్టుకుని తండ్రివైపు చూస్తే, అతను మగ్గంలో దారం మోసే నాడె ఆపి నీళ్లు పట్టేవాడు. నేలమీద రెండుసార్లు తట్టి అవ్వను పిలిచేది. ముగ్గురికీ అది చూసి మురిపెం. ఏడవదు, అరవదు, ఏం కావాలో చక్కగా చూపిస్తుంది. "ఇంత తెలివి నా వంశంలో యాడా లేదు," అని నాగలక్ష్మమ్మ దిష్టి తీసేది. నోరు తెరవడం లేదన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

పట్టింది హేమావతికి. పిల్లకు మూడో ఏడు వచ్చింది. బస్సులో పక్కసీటు ఆమె తన కొడుకు మాటలు రోజూ అనుకరించి నవ్విస్తుంటే, హేమావతికి చెప్పుకోడానికి ఒక్క మాటా లేదు. సెలవు పెట్టి అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. చెవులు బాగున్నాయన్నారు, నాలుక బాగుందన్నారు. ఊరికే మాట్లాడిస్తూ ఉండండి అన్నారు. తిరుగు బస్సులో హేమావతి కిటికీలోంచి ఎండిపోయిన శెనక్కాయ చేలు చూస్తూ కూర్చుంది.

"నా బిడ్డ నన్ను అమ్మా అని పిలుస్తాదా?" అంది.

మార్కండేయ పిల్ల తల నిమిరాడు. అదే అతని జవాబు.

"నిన్నే అడిగేది. నోరు తెరిచి చెప్పు."

"పిలుస్తాది," అన్నాడు.

అంగన్‌వాడీలో వేశారు. మొదటి రోజు పిల్లను దింపి, వెనక్కి రావడానికి కాళ్లాడక, మార్కండేయ గోడవార నిలబడి తలుపు సందులోంచి చూశాడు. టీచరమ్మ వనజాక్షి పాట పాడిస్తోంది. పిల్లలంతా చేతులూపుతున్నారు. లహరి లేచి, నేలమీద రెండుసార్లు తట్టింది. ఎవరూ తిరగలేదు. మళ్లీ తట్టింది. ఆవిడ దగ్గరికి పోయి, బొటనవేలు నోటికి పెట్టుకుని చూసింది.

"వేలు చీకకూడదు బంగారూ," అని వనజాక్షి ప్రేమగానే ఆ వేలు తీసేసింది.

లహరి మళ్లీ పెట్టుకుంది. ఆవిడ మళ్లీ తీసింది. పిల్ల పెదవి వణికింది. పక్కనున్న పిల్లవాడు "టీచరమ్మా, నీళ్లు!" అని అరిస్తే వాడికి గ్లాసు వచ్చింది. లహరి ఆ గ్లాసునే చూస్తూ నిలబడిపోయింది.

మార్కండేయకు అంతా అర్థమైంది. తన బిడ్డ అడుగుతోంది. ఎప్పుడో అడగడం నేర్చింది. కాని ఆ భాష ఆ ఇంటి గడప దాటితే చెల్లదు. నేర్పింది తను. లోపలికి పోయి నీళ్లు తాగించి, ఎత్తుకుని ఇంటికి తెచ్చేశాడు.

ఆ సాయంత్రం హేమావతి అంతా విని, మగ్గం వైపు చూసింది.

"ఈ మగ్గమే నా బిడ్డ నోరు నొక్కేసినాది," అంది.

మార్కండేయకు నిద్ర పట్టలేదు. మర్నాడు వంట వేళకు మగ్గం ఆపేశాడు. పిల్లకు తినిపించడం అయ్యేదాకా ముట్టనని తల్లికి చెప్పాడు. చీర ఆలస్యమైతే నేత కూలి ఇచ్చే షావుకారు ఊరుకోడని ఆమె అంటే, "అరిస్తే అరవనీ," అన్నాడు.

మొదట వేరే దారి పట్టాడు. పిల్ల బొటనవేలు చూపిస్తే అర్థం కానట్టు ఉందామనుకున్నాడు. లహరి చూపించింది. అతను చూడనట్టు ఉల్లిపాయ తరిగాడు. లహరి దగ్గరికొచ్చి, ముఖంలో ముఖం పెట్టి, మళ్లీ చూపించింది. నాయనకు చూపు పోయిందేమో అన్నంత దిగులుగా చూసింది. కత్తి పక్కన పడేసి అతను చెంబందుకున్నాడు. అది తన వల్ల కాదు.

కాని చెంబు ఇస్తూ "నీళ్లు," అన్నాడు. తర్వాత ఏమనాలో తెలియలేదు. "కుండలో నీళ్లు," అన్నాడు. "సల్లగుండాయి."

అలా మొదలైంది. పొయ్యి దగ్గర పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, చేస్తున్న ప్రతి పనీ చెప్పేవాడు. మొదట్లో ప్రతి మాటా ముల్లులా గొంతులో అడ్డం పడేది. వీధిలో వాళ్లు వింటారేమోనని తలుపు దగ్గరికి వేసుకునేవాడు. కొన్నాళ్లకు తలుపు సంగతి మరిచిపోయాడు.

"ఇది బియ్యం. ఉడుకుతాండాది సూడు, బుడగలొస్తాండాయి. ఇప్పుడు రాగిపిండి ఏస్తాం. మూత పెడతాం. ఇది కట్టె. దీంతో గెలకాల. గట్టిగా గెలకాల, లేకుంటే ఉండలు కడతాది. ఉండలు కడితే మీ అవ్వ తిడతాది."

"తిట్టక ముద్దు పెట్టుకుంటానా," అంది నాగలక్ష్మమ్మ కండెలు చుడుతూ. "పెండ్లిచూపుల్లో కూడా నోరు తెరవనోడు రాగిపిండికి కథలు చెప్తాండాడు. మీ నాయన బతికుంటే సంతోషంతో మళ్లీ సచ్చిపోతుండె రా."

మార్కండేయ నవ్వాడు. "ఇది వంకాయ. నల్లగుండాది. మీ అవ్వ లాగ."

"మాటలు నేర్సింది నన్ను అనేకేనా రా?"

లహరి ఇద్దరినీ మార్చి మార్చి చూసేది. తండ్రి పెదాలు కదులుతుంటే తన పెదాలు కదిపేది. శబ్దం వచ్చేది కాదు. శెనక్కాయలు వేయించి రోట్లో ఊరిబిండి పచ్చడి నూరుతూ, గోగాకు తెంపుతూ, చెయ్యి తడి చేసుకుని సంగటిని ముద్దలు చేస్తూ అతను చెబుతూనే ఉన్నాడు. ముద్ద గుండ్రం, పళ్లెం గుండ్రం, ఈ ముద్ద పెద్దది, ఇది నీది. అంగన్‌వాడీకి కూడా రోజూ వెంటపోయి, ఆ చేతి మాటలన్నీ వనజాక్షికి చేసి చూపించాడు.

"అయ్యో, ఆ పొద్దు నీళ్లడిగిందా అన్నా! నేను వేలు తీసేస్తినే!" అని ఆవిడ నొచ్చుకుంది. పిల్ల వేలు చూపించగానే "నీళ్లు కావాల్నా" అని పైకి అని ఇచ్చేది.

వారాలు గడిచాయి. ప్రతి సాయంత్రం బస్సు దిగుతూనే హేమావతి కళ్లతో అడిగేది. మార్కండేయ తల అడ్డంగా ఊపేవాడు. కొన్నాళ్లకు ఆమె అడగడం మానేసింది. అది అతనికి మరీ కష్టంగా ఉండేది.

ఒక మధ్యాహ్నం గోగాకు పప్పుతో సంగటి పెడుతున్నాడు. పిల్ల బాగా తింటోందన్న సంతోషంలో ఇంకో ముద్ద విరిచి పళ్లెంలో వేయబోయాడు. లహరి పళ్లెం మీద రెండు చేతులూ బోర్లించింది.

"సాలు," అంది.

మార్కండేయ చెయ్యి గాలిలో ఆగింది. నాగలక్ష్మమ్మ చేతిలో కండె జారి గదంతా దొర్లింది.

"వింటివా? సాలంట! సాలంట రా!"

వాన చూసైనా, కూలి చూసైనా ఇక చాలు అనే యోగం ఆ ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ పట్టలేదు. ఆ మాటే మొదట వచ్చింది ఆ పిల్లకు.

అతను హేమావతికి ఫోన్ చేశాడు. కంపెనీలోకి ఫోన్లు తీసుకుపోనివ్వరని తెలుసు. అయినా చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. సాయంత్రం కాకముందే పిల్లను భుజాన వేసుకుని హైవే దగ్గర నిలబడ్డాడు. లారీలు దుమ్ము రేపుతూ పోతున్నాయి. బస్సు వచ్చింది. హేమావతి మెట్టు దిగకముందే,

"మాట్లాడినాది," అన్నాడు. "మద్యాన్నం. సంగటి పెడతాంటే. సాలు అన్నాది. అమ్మ కూడా విన్నాది."

ఇన్ని మాటలు ఒక్కసారిగా అతని నోట ఆమె ఎన్నడూ వినలేదు. అక్కడే రోడ్డు పక్క గొంతుకూర్చుని, పిల్ల రెండు చెంపలూ పట్టుకుంది. దిగిన ఆడవాళ్లు చుట్టూ మూగారు.

"ఏదీ బంగారూ, ఏమంటివి? నాకు చెప్పు."

లహరి తల్లి ముఖం చూసింది. ఐదు వేళ్లూ కూడదీసి నోటికి చూపించింది.

ఆకలి. హేమావతి లేచి నిలబడింది.

"నన్ను సమాధానపెట్టేకి చెప్తాండావు నువ్వు," అంది మెల్లగా.

ఇంటికి వచ్చారు. నాగలక్ష్మమ్మ గడపలోంచే జరిగింది చెప్పబోయినా, హేమావతి విననట్టే పోయి కాళ్లు కడుక్కుంది. బట్టలు మార్చకుండానే గుర్తింపు కార్డు మెడలో వేలాడుతుండగా పిల్లకు పెట్టడానికి కూర్చుంది. ముద్ద తుంచడం, పప్పులో ముంచడం, నోట్లో పెట్టడం. కళ్లు ఎక్కడో ఉన్నాయి. మార్కండేయ స్తంభానికి ఆనుకుని చూస్తున్నాడు.

పళ్లెం ఖాళీ అయింది. హేమావతి అలవాటుగా కుండలోంచి ఇంకొంచెం తీసి వేసింది.

లహరి పళ్లెం మీద చేతులు బోర్లించింది. "సాలు."

హేమావతి పిల్ల పెదవుల వైపు చూసింది. తర్వాత కుండలో చెయ్యి పెట్టి ఇంకో ముద్ద తీసి, ఆ బుడ్డ చేతుల పక్కనుంచి పళ్లెంలోకి జార్చింది.

"సాలు!"

ఇంకో ముద్ద. చెంపల మీద నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

"సాలూ!" లహరికి కోపం వచ్చింది. చేతులతో కాక నోటితోనే అరిచింది.

"ఏమే, సంగటంతా దాని పళ్లెంలోనే ఏస్తే మేమేం తినల్ల?" అంది నాగలక్ష్మమ్మ.

"మీకు నేను మళ్లీ గెలుకుతా అమ్మా. నీ కోడల్ని ఏమనొద్దు, విననీ," అన్నాడు మార్కండేయ. హేమావతి అప్పటికే మళ్లీ కుండలో చెయ్యి పెట్టింది.