అర్థమైందా అని అడగని పాఠం

ఇందులో ప్రతి మాటా నిజం. నడుస్తున్న సాంచా మీద చెయ్యి పెట్టి చెప్తున్నాను. సాంచా అంటే మరమగ్గం. దాని మీద ఒట్టేసి అబద్ధమాడినవాడికి వేళ్లు మిగలవు. నాకు పదీ ఉన్నాయి, అనుమానముంటే సూరత్‌లో మా కోసాడ్ పేటకు వచ్చి చూసుకోండి. మా బిల్డింగు మెట్ల మీద చేరేవాళ్లు నన్ను కోతలరాయుడంటారు గానీ వాళ్ల మాట పట్టించుకోకండి.

కరోనా రెండో ఏడు. సూరత్ ఎంత సద్దుమణిగిందంటే, తాపీ నది అవతల ఎవరో తుమ్మితే మా బిల్డింగులో తలుపులేసుకున్నారు. సాంచాలు కొన్నాళ్లు నడవడం, కొన్నాళ్లు బంద్. పిల్లలున్నవాళ్లు చాలామంది రైలెక్కి ఊళ్లకు పోయారు. ఉన్నవాళ్లు పిల్లల్ని గడప దాటనివ్వడం లేదు.

మా అక్క కూతురు అప్పుడు చిన్నపిల్లల బడికి పంతులమ్మ కావడానికి కోర్సు చదువుతోంది. సూరత్‌లోనే పుట్టి, గుజరాతీ మీడియంలో పెరిగిన పిల్ల. ఆఖరున ఒక ఇంగ్లీషు పాఠం చెప్పి చూపించాలి. చిన్న కథ చదివి వినిపించాలి, విన్నవాళ్లకు ఎక్కిందో లేదో ప్రశ్నలడిగి తేల్చుకోవాలి. బడులు మూసి ఉన్నాయి గనక కాలేజీ బెన్ ఫోన్‌లో చూస్తుంది. ఇక్కడ పంతులమ్మను బెన్ అనే పిలుస్తారు. పిల్లలు దొరక్కపోతే పెద్దవాళ్లనే కూర్చోబెట్టుకోమందట.

"పాఠం బాగ రాకుంటే?" అన్నాను.

"ఇంకో మౌకా ఇస్తరు. అదీ పోతే ఏడాదంత మళ్ల చదవాలె. అమ్మ చదవనియ్యదు మామా. ఇంట్ల కూసోని చీరలకు రాళ్లంటించుమంటది."

"నేనుండంగ నీకు బుగులెందుకే? నాకు ఇంగ్లీషు వస్తది గద."

చిన్నప్పటి నుంచి ఆ పిల్ల వింటున్న సంగతే అది. కొత్త సాంచాలు బిగించడానికి విదేశం నుంచి వచ్చిన ఇంజనీరు మూడు నెలలు నాతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదని, పోయేరోజు నా మెడ పట్టుకుని ఏడ్చాడని.

"వస్తది, వస్తది" అని నవ్వింది పిల్ల.

టెర్రస్ మీద తరగతి పెట్టాం. ఫోన్‌ను నీళ్ల ట్యాంకుకు ఆనించాం. ఐదుగురం, అందరం సాంచాల పనివాళ్లమే. నేను ముందు వరుసలో దర్జాగా కూర్చున్నాను. వెనక బమ్రోలి షెడ్ల నుంచి వచ్చిన బక్కాయనొకడు, మెడలో ఆకుపచ్చ తువ్వాలు.

పోస్టుమాన్ కథ అది. ఆయన సంచిలో ఒక కోడి గుడ్డు పెడుతుంది. ఆయన సంచిలోకి చూసుకుంటాడు. ఆ రోజంతా మెల్లగా నడుస్తాడు. ఊళ్లో అందరికీ ఉత్తరాలు ఆలస్యంగా అందుతాయి. అంతే కథ.

పిల్ల మాస్కు పెట్టుకుని గడగడా చదివింది. వాక్యానికోసారి ఆగి "అండర్‌స్టుడ్?" అనడం, మేమందరం తలలూపడం. ఎంత బాగా ఊపామంటే పిల్ల ముఖం మాస్కు పైనుంచి కూడా వెలిగిపోయింది. అప్పుడు ఫోన్‌లోంచి బెన్ హిందీలో అంది, వెనక తువ్వాలు భాయిని అడగమని.

కోడి గుడ్డు ఎక్కడ పెట్టింది అని ఇంగ్లీషులో అడిగింది పిల్ల.

"ఎస్ బెన్" అన్నాడు తువ్వాలాయన లేచి నిలబడి.

సంచిలోకి ఎవరు చూశారు?

"ఎస్ బెన్."

పిల్ల కథ వదిలేసింది. మీ పేరేంటి?

"ఎస్ బెన్!" ఈసారి ఇంకా గట్టిగా.

బెన్ కోప్పడలేదు. "నువ్వు బాగా చదివావు బేటీ. వాళ్లకు మాత్రం ఒక్క ముక్క ఎక్కలేదు. వచ్చే వారం ఇంకోసారి చూస్తాను. అదే ఆఖరు" అంది.

ఫోన్ పెట్టేసి పిల్ల మా మీద విరుచుకుపడింది. "సమజ్ కాకుంటే తలకాయలెందుకు ఊపిన్రు?"

"సాంచాలకాడ ఊపకుంటే మాస్టర్ మళ్ల ఒర్రుతడు బిడ్డా" అన్నాడు తువ్వాలాయన, నేల చూస్తూ.

నిజమే. షెడ్డులో అన్ని సాంచాలు ఒకేసారి కొట్టుకుంటుంటే మాట వినపడదు. మా పని చూసే మాస్టర్ నోరు కదిలితే తల ఊపుతాం. నువ్వు మాట్లాడుతున్నావని చూశాను అని మాత్రమే దాని అర్థం. ఏం చెప్పాడన్నది ఆయన పెదాలను బట్టి సగం, పక్కవాడు చేసేదాన్ని బట్టి సగం పట్టుకుంటాం. ఇక్కడేమో పిల్ల పెదాలు మాస్కు వెనక ఉన్నాయి. పక్కవాడు కూడా తలే ఊపుతున్నాడు.

పిల్ల కథ కాగితం మడుచుకుంది. తర్వాత, "రేపు సాంచాలు నడుస్తయా?" అంది.

"నడుస్తయి. ఎందుకు?"

"మీకు పని ఎట్ల నేర్పుతరో చూడాలె."

మర్నాడు నా టిఫిన్ డబ్బా పట్టుకుని షెడ్డుకు వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఒడిశా నుంచి కొత్తగా వచ్చిన మనిషికి మా పాతాయన పని నేర్పుతున్నాడు. ఇతని భాష అతనికి రాదు, అతని భాష ఇతనికి రాదు. పాతాయన పోగు తెంపి, ముడి వేసి చూపించాడు. మళ్లీ తెంపి రెండు కొసలూ కొత్తాయన చేతిలో పెట్టి పక్కకు జరిగాడు. ముడి జారింది. మళ్లీ తెంపాడు. మళ్లీ జారింది. మూడోసారి ముడి నిలిచింది, సాంచా నడిచింది.

"ఆయన సమజైందా అని ఒక్కసారి గూడ అడగలే మామా" అంది పిల్ల బయటికొచ్చాక.

"అడిగితే తల ఊపేటోడు" అన్నాను.

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నాకూ ఆ రోజంతా పని మీద మనసు నిలవలేదు. కరోనా మొదటి ఏడు మా అక్కకు జ్వరమొస్తే ఆస్పత్రికి తీసుకుపోయాను. ప్లాస్టిక్ బట్టల్లోంచి డాక్టర్ ఏదో చెప్పాడు, నేను తల ఊపాను. ఏ గోలీ పొద్దున వెయ్యాలో, ఏది రాత్రి వెయ్యాలో నాకు తెలియదన్న సంగతి ఇంటికొచ్చి మంచం పక్కన నిలబడ్డాక గాని తెలిసిరాలేదు. అలా ఎన్ని చోట్ల ఊపానో. ఊపిన ప్రతిసారీ ఎదుటివాళ్లు తృప్తిగా వెళ్లిపోయారు.

రెండో పాఠం నాడు మేం మాస్కులు పెట్టుకున్నాం. పిల్ల టెర్రస్ ఆ కొసన మాస్కు తీసి నిలబడింది. మధ్యలో ఒక గుడ్డసంచి, గుడ్డుకు బదులు ఒక ఉల్లిగడ్డ. ఒక వాక్యం చదివేది, మాలో ఒకరికి వస్తువు అందించేది, పక్కకు జరిగేది. చెయ్యడం తప్పితే మళ్లీ అదే వాక్యం, అంతే మెల్లగా. అండర్‌స్టుడ్ అన్న మాటే లేదు. కోడి వేషం కట్టినాయన గొంతుక్కూర్చుని కొక్కొక్కొ అంటూ ఎంతకీ ఆపడు.

"చాలు గానీ కాకా, గుడ్డు పెట్టు!" అని పిల్లే అరిచింది.

బెన్ మళ్లీ తువ్వాలు భాయినే లేపింది. గుడ్డు ఎక్కడ? ఆయన సంచి దగ్గరికి నడిచి ఉల్లిగడ్డ తీసి చూపించాడు. "బ్యాగ్, బెన్."

అప్పుడు బెన్ తనే ఇంకో ప్రశ్న వేసింది. పోస్టుమాన్ ఎందుకు మెల్లగా నడిచాడు? అది కథలో ఎక్కడా లేదు. పిల్ల కాగితంలో వెతుక్కోవడం నాకు కనిపించింది. తువ్వాలాయన ఉల్లిగడ్డను మళ్లీ సంచిలో వేశాడు. సంచిని పొట్టకు హత్తుకుని, ఒక్కొక్క అడుగే తీసి పెడుతూ ట్యాంకు నుంచి పిట్టగోడ దాకా నడిచాడు.

"ఎగ్ బ్రేక్, బెన్. స్లో, స్లో."

బెన్ పిల్లను పిలిచింది. "ఆ మాట నువ్వు చెప్పలేదు కదా?" అంది బెన్.

"చెప్పలేదు బెన్. ఆయనే కథలోంచి తీసుకున్నాడు" అంది పిల్ల హిందీలో.

పిల్ల పాసయింది.

ఇక ఒట్టు సంగతి. మేం ఐదుగురం కాదు, నలుగురమే. బమ్రోలి నుంచి ఎవరూ రాలేదు. ఆ తువ్వాలు నాది, ఎస్ బెన్ అన్నవాణ్ని నేను. ఇంజనీరు వచ్చిన మాట నిజమే గానీ నా వైపు చూడను కూడా చూడలేదు. ఫలితం వచ్చిన రోజు పిల్లతో ఒప్పేసుకున్నాను, నాకు ఇంగ్లీషు రాదే అని.

"ఎరుకే మామా."

"మరి నన్నెందుకు కూసోవెట్టినవ్?"

"వచ్చినోళ్లను కూసోవెట్టుకుంటే నేను నేర్పేదేముంటది?"

ఆమె దగ్గర ఒప్పుకున్నవాణ్నే, మీ దగ్గరికి వచ్చేసరికి సిగ్గేసి ఒక బక్కాయనను పుట్టించి నా తప్పు అతని నెత్తిన పెట్టాను. దాంతో స్లో, స్లో అన్న మెప్పు కూడా అతనికే పోయింది. అది మాత్రం నాకు తిరిగి ఇప్పించండి.